మూడో గోల్ ఎవరిది? ఒక ఆదివారం టీమ్ గోల్‌కీపర్ కేసు

ఈ కేసులోని గోల్‌కీపర్ వయసు 37. సికింద్రాబాద్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. ఆదివారాలు ఆడే ఒక అమెచ్యూర్ ఫుట్‌బాల్ టీమ్‌కు కొన్నేళ్లుగా గోల్ కాస్తున్నారు. టీమ్‌లో అందరూ ఆయన్ని ‘సారు’ అంటారు, నేనూ ఇక్కడ అదే వాడతాను. నా పని గోల్‌కీపర్లకు కోచింగ్. స్కూల్ పిల్లలతో, కాలేజీ కుర్రాళ్లతో, ఇలాంటి వారాంతపు టీమ్‌లతో పని చేస్తుంటాను. కేసు వివరాలు సారు అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టేలా ఉన్నవి కొన్ని మార్చాను.

కెప్టెన్ ఫోన్ చేసి చెప్పిన మాట ఇది: “అన్నా, మా కీపర్ ఫామ్ పోయింది. ప్రతి మ్యాచ్‌లో సిల్లీ గోల్స్ పడుతున్నయ్. నువ్వొకసారి చూసి, పనికొస్తాడో లేదో చెప్పు. లేకుంటే వేరేవాణ్ని చూసుకుంటం.” కొత్త కీపర్ దొరికాడా అని అడిగితే లేదన్నాడు. దొరకడు కూడా. అమెచ్యూర్ టీమ్‌లలో స్ట్రైకర్ జెర్సీకి ఆరుగురు పోటీ పడతారు. గ్లవ్స్ దగ్గరికొచ్చేసరికి అందరూ షూ లేసులు కట్టుకుంటూ కూర్చుంటారు.

వాళ్ల మ్యాచ్ ఒకటి చూడ్డానికి వెళ్లాను. ముందు గ్రౌండ్ గురించి చెప్పాలి. మొరం నేల. రెండు గోల్ బాక్సుల ముందు ఏళ్ల తరబడి కాళ్లు పడి గుంటలు తేలాయి. ఇలాంటి నేల మీద బంతి చివరి రెండు గజాల్లో ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. డైవ్ చేస్తే తుంటి దగ్గర, మోచేతి దగ్గర తోలు లేచిపోతుంది. సారు ఒక ట్రాక్ ప్యాంటు మీద ఇంకో ట్రాక్ ప్యాంటు వేసుకుని వస్తారు. టీవీలో కీపర్లు పచ్చగడ్డి మీద గాల్లోకి ఎగిరి పడటం చూసిన కళ్లతోనే జనం ఈయన్నీ చూస్తారు. “దూకలేదేంటి?” అని అరిచేవాళ్లలో ఒక్కరైనా ఆ మొరం మీద ఒకసారి పక్కకు పడి చూసినవాళ్లు ఉంటారని నాకు నమ్మకం లేదు.

రెండోది వార్మప్. మ్యాచ్‌కు ముందు టీమంతా బాక్స్ అంచున నిలబడి, వరసగా ఒకరి తర్వాత ఒకరు బలం కొద్దీ గోల్‌లోకి కొడుతున్నారు. సారు ఇంకా చల్లబడ్డ చేతులతో ఉన్నారు. వచ్చిన బంతుల్లో సగం వల వెనక్కి పోతున్నాయి, మిగతా సగం వేళ్లు విరిచేలా వస్తున్నాయి. ఇది కొట్టేవాళ్లకు సరదా. కీపర్‌కు మాత్రం పది నిమిషాల పాటు గోల్స్ తినే అలవాటు, అదీ మ్యాచ్‌కు ముందే. అప్పటికే గట్టు మీద కూర్చున్నవాళ్ల నుంచి మొదలైంది: “చేతులకు నూనె రాసుకొచ్చినవా సార్?”

ఆ రోజు టీమ్ 3-2తో ఓడింది. మూడో గోల్ నియర్ పోస్ట్ (బంతి వచ్చిన వైపు గోల్ స్తంభం) దగ్గర, సారు చేతుల కింద నుంచి పోయింది. మ్యాచ్ అయ్యాక ఆయన షూ విప్పుకునేలోపే ఆ గోల్ క్లిప్ టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో ఉంది. కింద నవ్వుల బొమ్మలు, ‘గేట్ ఓపెన్’ అని ఒకరు, ‘మా ఐదేళ్లోడైనా ఆపుతుండె’ అని ఇంకొకరు. సారు కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టారు. కీపర్లు ఎప్పుడూ చేసే పనే అది.

క్లిప్‌లో లేని భాగం

అదృష్టం కొద్దీ ఒక సబ్‌స్టిట్యూట్ వాళ్లన్న సైడ్ లైన్ మీద స్టాండ్ పెట్టి మ్యాచ్ మొత్తం ఫోన్‌లో తీశాడు. ఆ సీజన్‌లోవి, అంతకు ముందు సీజన్లవి కూడా కొన్ని అతని దగ్గర ఉన్నాయి. సారుతో కలిసి కూర్చుని పడిన గోల్స్ అన్నీ చూశాను. నా పద్ధతి ఒకటే. షాట్ దగ్గర మొదలుపెట్టను. మన టీమ్ బంతి ఎక్కడ పోగొట్టుకుందో అక్కడి నుంచి చూస్తాను.

ఆ మూడో గోల్‌నే తీసుకుందాం. వాట్సాప్ క్లిప్ షాట్‌కు ఒక క్షణం ముందు మొదలవుతుంది. అవతలి టీమ్ వింగర్ (మైదానం పక్క నుంచి దాడి చేసేవాడు) బాక్స్‌లోకి వస్తాడు, కొడతాడు, సారు కిందికి వంగుతారు, బంతి లోపలికి పోతుంది. అంతే. ఫుల్ వీడియోలో కథ చాలా ముందే మొదలైంది. మన రైట్ బ్యాక్ త్రో-ఇన్ వేయడానికి అవతలి బాక్స్ దాకా వెళ్లి, అక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. మిడ్‌ఫీల్డర్‌కు పక్కనే ఖాళీగా ఇద్దరు ఉన్నా, ముగ్గుర్ని దాటబోయి బంతి పోగొట్టుకున్నాడు. స్టాపర్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) అవతలి ఆటగాణ్ని వెనక వదిలి ఆఫ్‌సైడ్‌లో పట్టించే ఆశతో ఒక్కడే ముందుకు ఉరికాడు. లెఫ్ట్ బ్యాక్ మాత్రం వెనకే ఉండిపోయి ఆ ఆఫ్‌సైడ్ కాస్తా చెడగొట్టాడు. వింగర్ కొట్టేసరికి, పరిగెత్తుకొచ్చిన స్టాపర్ కాలు అడ్డం పెట్టాడు. బంతి అతని మడమకు తగిలి దిశ మార్చుకుంది. తర్వాత గుంటలో పడి ఎగరాల్సిన చోట ఎగరకుండా కిందికి జారింది.

ఇందులో సారు తప్పు లేదా? ఉంది. షాట్ కొట్టే క్షణంలో ఆయన రెండు కాళ్లూ నేల మీద లేవు, చిన్న గెంతు మధ్యలో ఉన్నారు. గాల్లో ఉన్న కీపర్ ఎటూ తోసుకోలేడు. కాళ్లు నిలిపి ఉంటే, మోకాలు వాల్చి ఒళ్లంతా బంతి వెనక పెట్టగలిగేవారు. మొరం మీద చేతుల్ని మాత్రమే నమ్ముకోకూడదు. చేతులు తప్పినా మోకాలో ఛాతీయో తగలాలి. ఇది చెప్పాల్సిన విమర్శ, నేను చెప్పాను. గట్టు మీది వాళ్లలో ఒక్కరూ ఈ మాట అనలేదు. ఎవరికీ ఆయన కాళ్లు కనిపించలేదు.

సీజన్ మొత్తం వీడియోల్లోనూ ఇదే తీరు. సగానికి పైగా గోల్స్‌లో కీపర్ దగ్గరికి వచ్చేసరికి పని దాదాపు అయిపోయి ఉంది. ఎవరూ కాపలా లేని మనిషి ఆరేడు గజాల నుంచి కొట్టాడు, లేదా మన వాళ్ల కాలికే తగిలి లోపలికి పోయింది. కొన్నింట్లో సారుది నిజంగా తప్పు. ఇంకొన్ని మాత్రం నన్ను ఆలోచనలో పడేశాయి. బంతి డిఫెన్స్ వెనక ఖాళీలోకి వస్తుంది, లేదా కార్నర్ నుంచి నెమ్మదిగా చిన్న బాక్స్‌లోకి దిగుతుంది. సారు గోల్ లైన్ మీదే ఉంటారు. అది పరిగెత్తి అందుకోవాల్సిన బంతి. ఒక అడుగు ముందుకేస్తారు, ఆగుతారు, మళ్లీ వెనక్కి వెళ్తారు. రెండేళ్ల క్రితం వీడియోల్లో ఇదే మనిషి అలాంటి బంతులకు ధైర్యంగా బయటకొచ్చేవారు.

ఎందుకు రావడం లేదని అడిగాను. కాసేపు ఏవో కారణాలు చెప్పారు: మోకాలు, వయసు, లైటింగ్. తర్వాత లెక్కల మాస్టారు కాబట్టి అసలు లెక్క చెప్పేశారు. “బయటికొచ్చి మిస్సయిన అనుకోండి, మొత్తం నా మీదికే. లైన్ మీద నిలబడితే గోల్ పడినా డిఫెన్స్‌ని కూడా నలుగురు తిడ్తరు. తిట్లు పంచుకోవచ్చు.”

లైన్‌కు అతుక్కుపోవడం

నా దృష్టిలో ఈ కేసు మొత్తం ఆ మాటలోనే ఉంది. ఫామ్ పోయిన సంగతి కాదిది. సారు తన ఆటను గోల్స్ తగ్గించేలా కాకుండా తిట్లు తగ్గించేలా మార్చుకున్నారు. అది ఆయనకు తెలిసి చేసింది కూడా కాదు. ఒకసారి క్రాస్‌కు (పక్క నుంచి గోల్ ముందుకు వేసే బంతికి) బయటకొచ్చి పంచ్ మిస్సయి గోల్ పడ్డప్పుడు గట్టు మీద నుంచి వచ్చిన అరుపులు శరీరానికి పాఠం నేర్పాయి, అంతే.

పెద్ద స్థాయి ఆటగాళ్లకూ ఇది ఉందని చూపించే పరిశోధన ఒకటుంది. ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీ కిక్‌లను పరిశీలించి 2007లో ప్రచురించారు. కిక్‌లలో దాదాపు 29 శాతం గోల్ మధ్యలోకే వచ్చాయి. కీపర్లు మాత్రం దాదాపు 94 శాతం సార్లు ఏదో ఒక పక్కకు దూకారు. మధ్యలో నిలబడ్డ కొద్దిసార్లలో ఆపిన శాతం, పక్కకు దూకినప్పటి కంటే రెట్టింపుకు పైనే ఉంది. అయినా ఎందుకు దూకుతారు? దూకి గోల్ పడితే ‘పాపం, ప్రయత్నించాడు’ అంటారు. నిలబడి గోల్ పడితే ‘కదల్లేదు’ అంటారు. పెనాల్టీలో నిలబడటం సిగ్గు. సారు విషయంలో అదే తిరగబడింది, బయటకు రావడం సిగ్గయిపోయింది. రెండుచోట్లా కీపర్ ఎంచుకుంటున్నది తక్కువ మాట పడే దారి.

ఇక్కడ బ్రెజిల్ కీపర్ బార్బోసా గుర్తొస్తాడు. 1950 ప్రపంచకప్, మారకానా స్టేడియం, ఉరుగ్వేతో చివరి మ్యాచ్. డ్రా అయినా బ్రెజిల్‌కు కప్పు వచ్చేది. ఉరుగ్వే మొదటి గోల్‌కు వింగర్ గిగియా కుడివైపు నుంచి వచ్చి బంతిని మధ్యలోకి ఇచ్చాడు, స్కియాఫినో లోపలికి కొట్టాడు. 79వ నిమిషంలో గిగియా మళ్లీ అదే దారిలో వచ్చాడు. మళ్లీ మధ్యలోకే ఇస్తాడనుకుని బార్బోసా కొద్దిగా జరిగాడు. గిగియా నియర్ పోస్ట్‌కు కొట్టాడు. నన్నడిగితే బార్బోసా చేసింది తెలివైన కీపర్ చేసే ఊహే. ఆ ఊహ ఒకసారి తప్పింది. 2000లో చనిపోయేదాకా దేశం ఆయన్ని వదల్లేదు. బ్రెజిల్‌లో ఎంత పెద్ద నేరానికైనా శిక్ష 30 ఏళ్లే, నేను 50 ఏళ్లుగా అనుభవిస్తున్నానని ఆయనే చెప్పుకున్నాడు. గిగియాని రెండుసార్లు ఖాళీగా వదిలేసిన డిఫెన్స్‌నూ తిట్టారు గానీ, బార్బోసాను తిట్టినంత కాదు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ చరిత్ర తక్కువేం కాదు. భారత టీమ్‌కు కోచ్‌గా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఇక్కడివాడే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చిన భారత టీమ్ కీపర్ పీటర్ తంగరాజ్ ఆట మొదలుపెట్టింది సికింద్రాబాద్ క్లబ్బుల్లోనే. మొదట్లో ఆయన సెంటర్ ఫార్వర్డ్, తర్వాత కీపర్ అయ్యాడు. ఆ ఫైనల్ రోజు జకార్తా స్టేడియం అంతా మన టీమ్‌కు వ్యతిరేకంగా అరిచింది, కారణాలు ఆటకు సంబంధించినవి కావు. ఆ గోలలోనే దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. సారుకు ఈ సంగతి చెబితే ఆయనన్నది నాకు నచ్చింది: “వాళ్లు అవతలి టీమ్ జనం భాయ్. అవతలోళ్లు అరిస్తే కోపమొస్తది, ఇంకా బాగా ఆడ్తం. మనోళ్లు అరిస్తేనే కాళ్లు ఆగిపోతయ్.” కోచింగ్‌లో నేను చూసింది కూడా అదే. ఎదుటి టీమ్ హేళన కీపర్‌ను పెద్దగా ఏం చేయదు. సొంత బెంచి మీది నిట్టూర్పు చేస్తుంది.

తాడు కట్టిన రోజు

టెక్నిక్ పని ముందు మొదలుపెట్టాం. ధైర్యం చెప్పడం కంటే లెక్క చూపించడం నయమనిపించింది, ఎదురుగా ఉన్నది లెక్కల మాస్టారు మరి.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. రెండు పోస్టులకు రెండు తాళ్లు కట్టి, గోల్ ఎదురుగా 16 మీటర్ల దూరంలో పెట్టిన బంతి దగ్గర రెండు కొసలూ కలిపాను. లైన్ మీద నిలబడితే తాళ్ల మధ్య కాయాల్సింది 7.32 మీటర్లు మొత్తం. నాలుగు మీటర్లు ముందుకొస్తే అది దాదాపు 5.5 అవుతుంది. ఆరు మీటర్లు వస్తే 4.6. సారు వేలితో గాల్లో త్రిభుజం గీసి, “సరూప త్రిభుజాలు, పదో తరగతి” అని నవ్వారు. అంత ముందుకొస్తే పైనుంచి లేపి వేస్తారు కదా అన్నది ఆయన సందేహం. వేస్తారు. కానీ పరిగెత్తుతూ, డిఫెండర్ వెనక తరుముతుంటే, మొరం మీద ఎగిరే బంతిని సరిగ్గా లేపగలిగే స్ట్రైకర్లు ఆదివారం లీగ్‌లో ఎంతమంది? నేలబారుగా కొట్టేవాళ్లే ఎక్కువ. ఎక్కువసార్లు జరిగేదాన్ని కాయాలి.

టైం లెక్క కూడా చేశాం. గంటకు 72 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 20 మీటర్లు. పెనాల్టీ స్పాట్ ఉన్న 11 మీటర్ల నుంచి ఆ వేగంతో వచ్చే బంతి అర సెకను కాస్త దాటేసరికి గోల్‌లో ఉంటుంది. కన్ను చూసి ఒళ్లు కదలడం మొదలవడానికే అందులో సగం దాకా పోతుంది. అందుకే కీపర్ పని షాట్ కొట్టాక మొదలవదు. కొట్టకముందు ఎక్కడ నిలబడ్డాడు, కాళ్లు నేల మీద ఉన్నాయా అన్న దగ్గరే సగం తేలిపోతుంది.

ఆ తర్వాత నిలబడే చోటు మార్చాం. బంతి అవతలి సగంలో ఉంటే సారు పెనాల్టీ స్పాట్ దగ్గరికి రావాలి. డిఫెన్స్ ముందుకు జరిగితే ఆయనా జరగాలి. థ్రూ బాల్‌కు (డిఫెన్స్ వెనక ఖాళీలోకి వేసే బంతికి) లైన్ మీద నుంచి పరిగెత్తడం వేరు, ముందే పది మీటర్లు బయట ఉండి పరిగెత్తడం వేరు. క్రాస్‌లకు ఒక సరిహద్దు పెట్టాం: చిన్న బాక్స్‌లోకి, అంటే గోల్ నుంచి 5.5 మీటర్లలోపు, ఎత్తుగా నెమ్మదిగా దిగేది ఆయనదే. అవతలిది డిఫెన్స్‌ది. బయల్దేరితే ఆగకూడదు. పట్టలేననిపిస్తే రెండు పిడికిళ్లతో, పైకి, పక్కకు. మధ్యలోకి పంచ్ చేస్తే ఇంకొకడి కాళ్ల దగ్గరికి ఇచ్చినట్టే.

కేకల సంగతి కూడా తేల్చాం. అంతకు ముందు సారు ‘నాది’ అనేవారు, స్టాపరూ ‘నాది’ అనేవాడు, ఇద్దరూ ఆగేవాళ్లు. ఇప్పుడు బయటకొస్తే ‘కీపర్’ అని, రాకపోతే ‘క్లియర్’ అని, అదీ ముందే, గట్టిగా. క్లాసులో నలభై మందిని కూర్చోబెట్టే గొంతు ఆయనది. గ్రౌండ్‌లో మాత్రం మర్యాదగా వచ్చేది. దీనికి నేననుకున్న దానికంటే ఎక్కువ రోజులు పట్టింది.

వార్మప్ నుంచి ఆ వరస షాట్లు తీసేశాం. ముందు ఛాతీ ఎత్తులో మెల్లగా వేసే బంతులు, తర్వాత నేలబారువి, తర్వాత పక్కలకు, చివర్లో నాలుగైదు షాట్లు. వేళ్ల బెణుకులు దీంతోనే తగ్గాయి. గ్లవ్స్ విషయం చెప్పకపోతే లోటు: ఎండిపోయిన లేటెక్స్ దుమ్ము పట్టి జారుతుంది. హాఫ్ టైంలో తడి బట్టతో తుడిచి కాస్త తేమ చేస్తే గ్రిప్ వస్తుంది. మొరం మీద ఖరీదైన జత కొనడం మాత్రం డబ్బు దండగ.

మిగతా పదిమంది, గట్టు మీది వాళ్లు

సారుతో పని చేస్తే సరిపోదని మొదటి వారమే కెప్టెన్‌కు చెప్పాను. తిట్లకు ఫలితంగా వచ్చిన జబ్బు తిట్లు అలాగే ఉంటే మళ్లీ వస్తుంది.

మొదటి పని ప్రాక్టీస్‌లో ప్రతి ఒక్కడూ ఒక విడత గోల్‌లో నిలబడటం. పెనాల్టీలకు కాదు, కార్నర్‌లకు. పెనాల్టీలకు నిలబడటం సరదాగానే ఉంటుంది. కార్నర్ వేరు. ఆరుగురు మీద మీదకొస్తారు, ఒకడు కాళ్ల ముందు నిలబడతాడు, మోచేయి ఎక్కడి నుంచో పక్కటెముకకు తగులుతుంది, ఎండ కళ్లలో పడుతుంది, బంతి మాత్రం పైనుంచి దిగుతూనే ఉంటుంది. చిన్న బాక్స్‌లో కీపర్‌ని ఎవరూ ముట్టుకోకూడదని ఒక నమ్మకం మన దగ్గర బాగా ఉంది. ఆట నియమాల్లో అలాంటిదేమీ లేదు, ఫౌల్ ఎక్కడైనా ఫౌలే. అందరికంటే ఎక్కువ వెక్కిరించే స్ట్రైకర్ మొదటి కార్నర్‌కు బయటకొచ్చి గాలిని గుద్దాడు. రెండోదానికి లైన్ మీద నుంచి కదల్లేదు. మూడోదానికి నన్ను చూసి, “అన్నా, ఇది ఎవరిది? నాదా, వాడిదా?” అన్నాడు. ఆ ప్రశ్న సారు ప్రతి ఆదివారం ఒక్కరే వేసుకుంటున్నారు. స్ట్రైకర్‌కు ఉపన్యాసం ఇవ్వాల్సిన పని పడలేదు.

రెండోది వాట్సాప్. గోల్ క్లిప్ పెట్టొద్దని అంటే ఎవరూ వినరు, సరదా అదే కదా. పెట్టండి, కానీ మనం బంతి పోగొట్టుకున్న చోటు నుంచి పెట్టండి అన్నాం. కెప్టెన్ గట్టిగా పట్టుబట్టాడు. రెండు మూడు వారాల్లో గ్రూప్‌లో గొడవ వేరే వాళ్ల మీదికి మళ్లింది, ముఖ్యంగా డ్రిబ్లింగ్ పిచ్చి ఉన్న ఆ మిడ్‌ఫీల్డర్ మీదికి. నాకది పూర్తిగా నచ్చలేదు. తిట్టడానికి ఇంకో మనిషి దొరికాడన్నంత వరకే కొందరికి అర్థమైంది. అయినా గోల్ అనేది నలుగురైదుగురి మీదుగా వస్తుందని కళ్లకు కనిపించడం మొదలైంది.

మూడోది గట్టు మీది వాళ్లు. అందులో ఒక పెద్దాయన ఉన్నారు. తన రోజుల్లో బాగా ఆడారు, ఇప్పుడు ప్రతి ఆదివారం గోల్ వెనకే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటారు. గ్రౌండ్‌లో అందరికంటే పెద్ద గొంతు ఆయనదే. ఆయన ‘పట్టుకో!’ అంటే మిగతావాళ్లు కూడా అందుకుంటారు. నోరు మూసుకోమని చెప్పే వయసు నాది కాదు, చెప్పినా వినరు. ఒక కాగితం, పెన్ను ఇచ్చి సాయం అడిగాను: “మీరు ఆట బాగా చూస్తారు కదా పెద్దనాన్నా, వాళ్ల షాట్ ఎక్కడి నుంచి వచ్చింది, దానికి ముందు మన బంతి ఎక్కడ పోయింది, ఈ రెండూ రాసివ్వండి.” రాసిచ్చారు. పైగా బంతి పోయే చోట్లు కనిపించాలంటే గోల్ వెనక కూర్చుంటే కుదరదని ఆయనే కుర్చీని సగం గీత దగ్గరికి మార్చుకున్నారు. అరుపులు ఆగలేదు. ఇప్పుడు మిడ్‌ఫీల్డ్ మీద అరుస్తున్నారు. కీపర్‌కు చాలా దూరం నుంచి.

బెంచి మీద ఉన్నవాళ్లకు ఒక చిన్న తేడా చెప్పాం. “సార్, సెకండ్ పోస్ట్ దగ్గర ఒకడు ఖాళీ” అన్నది కీపర్‌కు పనికొచ్చే మాట, ఎంత గట్టిగా అరిచినా ఫర్వాలేదు. “పట్టుకో సార్!” అన్నదాంట్లో సమాచారమేమీ లేదు. పట్టుకోవాలని ఆయనకు ముందే తెలుసు.

తర్వాతి మ్యాచ్‌లు

మొదటి రెండు మ్యాచ్‌లు చూడ్డానికి ఘోరంగా ఉన్నాయి. సారు బయటకొస్తున్నారు గానీ ఆలస్యంగా. ఒక థ్రూ బాల్‌కు స్ట్రైకర్ ముందుగా అందుకుని పక్క నుంచి వేశాడు. ఇంకో మ్యాచ్‌లో కార్నర్‌కు వచ్చి, పంచ్ సరిగ్గా పడక, బంతి బాక్స్ అంచున ఉన్నవాడి కాళ్ల దగ్గర పడింది. గోల్. గట్టంతా ఒక్కసారి లేచింది. ఆ గోలలో కెప్టెన్ చప్పట్లు కొడుతూ, “మళ్లీ రండి సార్, మళ్లీ రండి!” అని అరిచాడు. ఐదు నిమిషాల్లో ఇంకో కార్నర్. సారు మళ్లీ వచ్చారు. ఈసారి పట్టారు కూడా. పట్టకపోయినా నా నోట్స్‌లో ‘వచ్చారు’ అనే రాసేవాణ్ని. ఈ కేసులో నేను కొలిచింది అదే: తప్పు జరిగాక వచ్చే మొదటి అలాంటి బంతికి ఆయన ఏం చేస్తున్నారు?

సీజన్ చివరికి వచ్చేసరికి డిఫెన్స్ వెనక పడే బంతులకు పడే గోల్స్ బాగా తగ్గాయి. తల మీదుగా లేపి వేసినవి ఒకటి రెండు కొత్తగా వచ్చాయి, ముందే అనుకున్నట్టు. అలాంటి గోల్ చూడ్డానికి అన్నింటికంటే వెర్రిగా ఉంటుంది. కీపర్ వెనక్కి పరిగెడుతూ వలలో చిక్కుకోవడం, జనం పడీ పడీ నవ్వడం. మొత్తం మీద బేరం లాభమేనని సారుకు తెలుసు. నవ్వేవాళ్లకు ఆ లెక్క చెప్పడం సాధ్యం కాదు, అవసరమూ లేదు.

క్వార్టర్ ఫైనల్ పెనాల్టీలకు వెళ్లింది. ఆ ఇజ్రాయెల్ పరిశోధన గురించి మేం మాట్లాడుకున్నాం కాబట్టి, ఒక కిక్‌కు మధ్యలో నిలబడతానని సారు ముందే కెప్టెన్‌కు చెప్పారు. నాలుగో కిక్‌కు నిలబడ్డారు. అతను కుడి మూలకు కొట్టాడు. టీమ్ ఓడింది. గట్టు మీద నుంచి వినిపించిన మొదటి మాట: “కదలను కూడా కదల్లేదు చూడు!” సారు నా వైపు చూసి భుజాలు ఎగరేశారు. కెప్టెన్ వెళ్లి ఆ అన్నవాడితో ఏదో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను అడగలేదు. కానీ ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూప్‌లో ఆ కిక్ క్లిప్ పడలేదు. మన వాళ్లు బయటికి కొట్టిన రెండు కిక్‌లు మాత్రం పడ్డాయి, నవ్వుల బొమ్మలతో సహా.

ఇప్పటి పరిస్థితి

‘పనికొస్తాడా లేదా’ అన్న కెప్టెన్ ప్రశ్నకు నా రిపోర్టులో రాసింది: వస్తారు, ఇంకో మూడు నాలుగేళ్లు నిశ్చింతగా. దాంతోపాటు ఇంకో వాక్యం కూడా రాశాను. ఈ టీమ్‌కు వచ్చే ఏ కొత్త కీపరైనా, మొదట్లో ఎంత బాగున్నా, రెండు సీజన్లలో సారులాగే లైన్‌కు అతుక్కుపోతాడని. ప్రతి ఆదివారం డిఫెన్స్‌లో కొత్త ముఖాలు, ఎవరు ఎవర్ని కాయాలో తేలని కార్నర్లు, తప్పు జరిగితే చూపించడానికి ఒకే ఒక వేలు. కీపర్‌ని మార్చినంత మాత్రాన ఇవేవీ మారవు.

రెండో కీపర్ లేకపోవడం ఇంకా సమస్యే. బెణికిన వేలుతో సారు ఆడిన మ్యాచ్‌లు ఉన్నాయి, వేరే దారి లేక. ఈ మధ్య ఇంటర్ చదివే ఒక కుర్రాడు గ్లవ్స్ వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. పొడుగ్గా ఉన్నాడు, భయం తక్కువ, కాళ్లు నిలపడు. అతని ప్రాక్టీస్ సారే చూసుకుంటున్నారు, తాళ్లు కట్టి.

సారు ఎడమవైపు కిందికి వచ్చే బంతులకు ఇప్పటికీ ఆలస్యంగా పడుతున్నారు. ఎడమ కాలితో తోసుకోవాల్సింది, ఆ మోకాలి మీద బరువు వేయడానికి జంకుతున్నారు. ముందు ఫిజియోకు చూపించమన్నాను. ఆయన ఓకే అన్నాకే ఆ పని మొదలుపెడతాం.